ఆడి నెలలో అడ్డుతెరలు

పెద్దమనుషులంటే నాకు మొదటి నుంచీ గౌరవం. వాళ్ళు ఒక పని చెబితే, ఎందుకని అడగకుండా చెప్పినది చెప్పినట్టే చేసేదాన్ని. అలా చేస్తే ఏమవుతుందో తిరుత్తణిలో ఒక ఆడి నెలలో కళ్ళారా చూశాను. ఇప్పుడు కొత్తగా పనుల్లో చేరుతున్న ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు, పైవాళ్ళ మాట ఎంతవరకూ వినాలని. వినండమ్మా, పూర్తిగా వినండి. ఎందుకో చెబుతాను.

ఎనభైల మొదట్లో మాట. కొండ కింద, స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక కల్యాణ మండపం ఉండేది. తెలుగు వర్తకుల సంఘం వాళ్ళు కట్టించినది. అక్కడ ఊడ్చడం, కడగడం, సామాన్ల గది తాళం చూసుకోవడం నా పని. నా పైన ఒక మేనేజరు. మణవాళనగర్ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. రైలు ఆలస్యమైతే రైల్వేని తిట్టేవాడు, వేళకు వస్తే తనను తాను మెచ్చుకునేవాడు. ఆయన పైన సంఘం ప్రెసిడెంటు. తిరువళ్ళూరులో నూనె మిల్లు ఆసామి. మైకు కనిపిస్తే గొంతు సవరించుకునేవారు. మైకు లేకపోయినా సవరించుకునేవారు.

ఆడి నెలలో మనవాళ్ళు పెళ్ళిళ్ళు చేయరు. ఆ నెలంతా మండపంలో నేనూ, మేనేజరూ, పావురాలూ మిగిలేవాళ్ళం. అటువంటి సమయంలో మద్రాసు నుంచి నలుగురు వచ్చి, కొండ మీద గుడి పండగ ఆడి కృత్తిక దాకా మండపం కావాలన్నారు. ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. బొమ్మలు వేసేవాళ్ళట. తాము వేసినవి గోడలకు తగిలించి జనానికి చూపిస్తారట. అందులో ఒకడు మన పక్క పిల్లవాడే, సాలెవీధివాడు. సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరు పిలిచినా ఉలిక్కిపడేవాడు. మద్రాసులో బొమ్మలు వేయడం చదువుకున్నాడు. పావురాల కంటే వీళ్ళే నయమని మేనేజరు ఒప్పుకున్నాడు.

మండపం గోడలకు మేకులు కొట్టకూడదు. అది సంఘం నియమం. అందుకని పూలతోరణాలు వేలాడదీసే కొక్కేలకే బొమ్మలను తాళ్ళతో కట్టాం. గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టారు. నాకు అప్పటికి అక్షరాలు రావు. మండపం వదిలిపెట్టాక, వయసు మళ్ళాక నేర్చుకున్నాను. మేనేజరును అడిగాను ఏం రాశారని.

"'మేము ఇట్లే' అని రాసినారు" అన్నాడు.

"ఎట్లంట?"

"అది రాయలేదు."

నిచ్చెన పట్టుకుని నిలబడినప్పుడు ఒక బొమ్మ చూశాను. మిద్దె మీద ఇద్దరు మగవాళ్ళు నిద్రపోతున్నారు. పైన చుక్కలు. చాప బాగుంది, మిద్దె పిట్టగోడ బాగుంది. ఒక పొరపాటు కనిపించి, కళ్ళద్దాల పిల్లవాడితో అన్నాను.

"నాయనా, ఇద్దురు పండుకోనుండారు గదా. దిండు ఒకటే ఏసినావే? ఇంగొకటి మర్చిపోయినావా?"

"మర్చిపోలేదక్కా. వాళ్ళకి ఒకటే చాలు."

నాకు కాస్త సమయం పట్టింది. నిచ్చెన వదిలేసి మళ్ళీ చూశాను. నిచ్చెన మీద ఉన్న పొడుగాటి పిల్లవాడు, వాడు మద్రాసువాడు, కింద పడబోయి కొక్కెం పట్టుకున్నాడు. కళ్ళద్దాలవాడు పరిగెత్తుకొచ్చి వాడి కాళ్ళు పట్టుకున్న తీరు చూస్తే, మిగిలిందేదో ఉంటే అదీ అర్థమైంది.

"అట్లనా" అన్నాను.

"అట్లనే అక్కా" అన్నాడు.

"మంచిది. అయితే మద్రాసులో మంది లేరా చూసేదానికి? ఈ కొండ కిందికి మోసుకొచ్చినారే?"

వాడు తాడు ముడి విప్పాడు, మళ్ళీ వేశాడు. "ఈ ఆడి పోయి ఆవణి రాంగానే ఈ మండపంలోనే నాకు కల్యాణం పెట్టినారక్కా. మా మామ కూతురితో."

"మీ మామకి చెప్పలేదా?"

"చెప్పినా. మొగోడివి, కల్యాణమైతే అన్నీ సరిపోతాయి పోరా అన్నాడు. మా నాయన పోయినాక నన్ను సాకింది ఆయనే. మగ్గం నేర్పించింది, చదివించింది ఆయనే. గట్టిగా మాట్లాడాలంటే నాకు నోరు లేవదు."

"ఆ పాపకో?"

"దానికేమీ తెలీదు. తాళి కట్టినాక తెలిస్తే దాని బతుకేం కావాల? కృత్తిక దినం మామ కావడి మోస్తాడు. కొండ దిగి ఇద్దురూ ఈడికే బోజనానికి వస్తారు. నోటితో చెప్తే వినలేదు గదా, కంటితో చూస్తారేమోనని. అంతదాకా ఇవి గోడ మీద వుంటే చాలు."

వాడికి కావలసింది అంతే. వాడి పెళ్ళికూతురు పెళ్ళికి ముందే వాడిని చూడాలి.

ప్రారంభోత్సవానికి ప్రెసిడెంటుగారు తిరువళ్ళూరు నుంచి కారులో వచ్చారు. రిబ్బను కత్తిరించి, బొమ్మలన్నీ తిరిగి చూశారు. దిండు ఒకటే ఉన్న బొమ్మ ముందు నిలబడి, "స్నేహం!" అన్నారు. ఆడపిల్ల వేసిన బొమ్మలో ఒకామె ఇంకొకామె జడలో మల్లెపూలు తురుముతూ, అద్దంలో ఆమె ముఖాన్నే చూస్తోంది. "అక్కచెల్లెళ్ళంటే ఇట్లుండాల. మా ఇంట్లో కోడండ్లని పిలిపించి చూపించాల" అన్నారు. మూడో పిల్లవాడి బొమ్మలో, మీసాలున్న ఒక మనిషి తల్లి చీర భుజాన వేసుకుని అద్దం ముందు కళ్ళనీళ్ళతో నిలబడి ఉన్నాడు. "వీధినాటకం వేషం! మన కళల్ని మర్చిపోకూడదు" అన్నారు.

చివరిది పొడుగాటివాడు వేసినది, అన్నిటికంటే పెద్దది. రెండు పెళ్ళి కుర్చీలు, వాటి మీద మెడలో పూలదండలతో ఇద్దరు మగవాళ్ళు. ఒకడికి కళ్ళద్దాలు, ఒకడు పొడుగు. స్టూడియోలో కొత్త దంపతులు ఫోటోకు కూర్చున్నట్టే కూర్చున్నారు. ప్రెసిడెంటుగారు బొమ్మనూ, పక్కన నిలబడిన వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మీకేనా సన్మానం?" అన్నారు.

"అవునయ్యా" అన్నాడు పొడుగాటివాడు.

"ఈ వయసుకే సన్మానమా! బేష్, బేష్."

ఆయన తప్పేముంది? ఇద్దరు మగవాళ్ళు దండలు వేసుకుని పక్కపక్కన కూర్చోవడం ఆయన తన జీవితమంతా సన్మానసభల్లోనే చూశారు. తరవాత మైకు పట్టుకుని స్నేహం గురించి మాట్లాడారు. కృష్ణుడూ కుచేలుడూ వచ్చారు, కర్ణుడూ దుర్యోధనుడూ వచ్చారు, చివరకు నూనె మిల్లులో ఆయన పాత భాగస్వామి కూడా వచ్చాడు. ఆ పిల్లలు నలుగురూ తల వంచుకుని విన్నారు. భక్తితో అనుకున్నారు ఆయన. వాళ్ళ భుజాలు కదులుతుండటం నేను వెనక నుంచి చూశాను.

అలా కొన్ని రోజులు అంతా స్నేహమే. బడిపిల్లలను వరసగా తెచ్చి చూపించారు. ప్రెసిడెంటుగారి కోడళ్ళు వచ్చారు. మల్లెపూల బొమ్మను పెద్దకోడలు చాలాసేపు చూసి, తోడికోడళ్ళు పిలిచాకే కదిలింది.

కృత్తికకు ముందురోజు తొలి రైల్లో మద్రాసు పేపరు వచ్చింది. ప్రారంభోత్సవానికి వచ్చిన విలేఖరి రాశాడట. మేనేజరు వరండాలో కూర్చుని నాకూ, పండగ అన్నదానానికి వచ్చిన వంట మేస్త్రీకీ గొంతెత్తి చదివాడు. మగవాళ్ళు మగవాళ్ళనూ, ఆడవాళ్ళు ఆడవాళ్ళనూ వలచే సంగతిని బొమ్మల్లో పెట్టిన ధైర్యం అన్నచోట గొంతు తగ్గింది. ఇటువంటి ప్రదర్శనకు చోటిచ్చిన చిన్న ఊరి పెద్దలు మద్రాసు పెద్దలకంటే ఎంతో ముందున్నారు అన్నచోట పూర్తిగా ఆగిపోయింది. పాపం ఆ విలేఖరి మెచ్చుకునే రాశాడు.

గంట తిరక్కముందే ప్రెసిడెంటుగారి కారు వచ్చింది. భోజనశాలలో సభ పెట్టారు.

"అసింగం! అసహ్యం! నా చేత్తో రిబ్బను కత్తిరించినానే!" అని రెండు చేతులూ చూసుకున్నారు.

వంట మేస్త్రీకి నోరు ఊరుకోదు. "నిన్నటిదాకా స్నేహమే గదయ్యా?" అన్నాడు.

"నువ్వు పోయి సాంబారు చూడు."

బొమ్మలు మారలేదు. పేపరు వచ్చింది, అంతే. అంతవరకూ తమ కళ్ళతో చూసినవాళ్ళు ఆ రోజు నుంచి పేపరు కళ్ళతో చూడటం మొదలుపెట్టారు.

కళ్ళద్దాల పిల్లవాడు వచ్చి చేతులు జోడించాడు. "అయ్యా, రేపొక్క దినం వుండనీండి. కృత్తిక దాకా అని మాటిచ్చినారు గదా."

"మాట తప్పే వంశం కాదురా మాది. కృత్తిక దాకా బొమ్మలుంటాయి. కనపడవు. అంతే."

బొమ్మలను బయటికి మోస్తే వీధంతా చూస్తుంది. పండగపూట మండపం తలుపులు మూస్తే యాత్రికుల అన్నదానం ఆగిపోతుంది, అది పాపం. కాబట్టి ఉన్నచోటనే గుడ్డ కప్పమన్నారు. ఏం గుడ్డ? దుప్పట్లన్నీ చాకలికి వేశాం. సామియానా గుడ్డలు ఎలుకలు కొట్టాయి.

"సామాన్ల గది పెట్టెలో ఏముండాది?" అని మేనేజరు నన్ను అడిగాడు.

"అడ్డుతెరలుండాయి సార్."

"తెరలే గదా కావాల్సింది. అవే కట్టు."

చెప్పానుగా, పెద్దవాళ్ళ మాట నేను జవదాటను. అడ్డుతెరంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురికీ పెళ్ళికొడుకుకీ మధ్య పట్టే తెర. ముహూర్తం దాకా ఒకరినొకరు చూసుకోకూడదు. తెర తొలగగానే చూసుకుంటారు, జనమంతా అక్షతలు వేస్తారు. మా మండపంలో పసుపు అంచు తెరలు చాలా ఉండేవి. ఒక్కో బొమ్మకు ఒక్కోటి కట్టాను. పెద్ద బొమ్మకు అన్నిటికంటే మంచిది, జరీది కట్టాను. కళ్ళద్దాల పిల్లవాడు మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. పొడుగాటివాడు వాడి పక్కన కూర్చున్నాడు.

మర్నాడు కృత్తిక. పసుపు బట్టలతో, పూల కావళ్ళతో, గుండుకు చందనంతో జనం కొండ దిగి భోజనానికి వస్తున్నారు. అన్నం తిన్న ఒక అవ్వ చెయ్యి కడుక్కుని వచ్చి, పెద్ద తెర ముందు నిలబడింది.

"ఎవురిది కల్యాణం?" అంది.

"కల్యాణం లేదవ్వా. ఇది ఆడి గదా" అన్నాడు మేనేజరు.

"మరి తెర పట్టినారే?"

"ఊరికే అవ్వా. ఎనకాల ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి తెర యాడన్నా కడతారా నాయనా? ముహూర్తం ఎప్పుడో చెప్పు, కూర్చుంటా."

కూర్చుంది. సంచిలో నుంచి కొండ మీద ఇచ్చిన అక్షతల పొట్లం తీసి ఒళ్ళో పెట్టుకుంది. అవ్వ కూర్చుంటే కోడలు కూర్చుంది, కోడలు కూర్చుంటే పక్క ఊరివాళ్ళు కూర్చున్నారు. పుట్టి పెరిగినప్పటి నుంచి మనవాళ్ళకు తెలిసింది ఒకటే. తెర ఉందంటే తొలగుతుంది, తొలగేదాకా లేవకూడదు. అన్నం తిన్నవాడల్లా అక్కడికే వచ్చి కూర్చుంటున్నాడు. తెరలు లేనన్నాళ్ళూ ఆ బొమ్మలను దాటుకుని నీళ్ళ కుండ దగ్గరికి పోయిన మా ఊరివాళ్ళు కూడా కూర్చున్నారు.

ప్రెసిడెంటుగారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి, అన్నదానం దగ్గరున్న మైకు తీసుకున్నారు. "భక్తులారా! ఆ తెరల వెనక మీరు చూడదగినది ఏమీ లేదు. దయచేసి ఎవ్వరూ చూడరాదు." ఆ మైకుకు వీధిలో కూడా హారన్లు కట్టి ఉన్నాయి. అంతవరకూ మాకు సంబంధం లేకుండా స్టేషనుకు పోతున్న జనం కూడా లోపలికి వచ్చేశారు.

ఆ తోపులాటలోనే మామ వచ్చాడు. గుండు, చందనం, కావడి మోసి కాయలు కాసిన భుజం. వెంట కూతురు. పసుపు చీర, చేతిలో చెప్పులు, సూటిగా చూసే పిల్ల. వచ్చే నెల పెళ్ళికి వంటిల్లు సరిపోతుందో లేదో కూడా చూసుకుందామని వచ్చినట్టున్నాడు, వస్తూనే పొయ్యిలు ఎన్నని అడిగాడు. తరవాత తెరలు చూశాడు.

"మా అల్లుడోళ్ళ బొమ్మలివేనా? గుడ్డలేసి మూసినారే?"

ప్రెసిడెంటుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు మామా. ఇంటికి పొయినాక మాట్లాడుకుందాం."

"మా పిల్లోడు ఏసినదానికి తెర కట్టేదానికి నువ్వెవురయ్యా? సాలోళ్ళ పిల్లోడు పైకొస్తే కండ్లల్లో కారమా?"

"అది కాదు మామా, నీ మంచికే..."

వాళ్ళు అలా గౌరవంగా కొట్లాడుకుంటూ ఉండగా ఆ పిల్ల చెప్పులు కింద పెట్టింది. నేరుగా పెద్ద తెర దగ్గరికి వెళ్ళి, ముడి లాగింది. నేను వేసిన ముడి ఒక్క లాగుకే ఊడింది. తెర జారిపోయింది.

రెండు కుర్చీల మీద రెండు దండలతో ఇద్దరు మగవాళ్ళు. పండగ జనమంతా చూశారు.

అవ్వ అక్షతలు వేసింది.

ఆమె తప్పేమీ లేదు. తెర తొలిగితే చేయి దానంతట అదే లేస్తుంది. అవ్వను చూసి కోడలు వేసింది, కోడలిని చూసి అందరూ వేశారు. బొమ్మ మీదా పడ్డాయి, మధ్యలో చేతులు చాచి అడ్డుకుంటున్న ప్రెసిడెంటుగారి బట్టతల మీదా పడ్డాయి. చూపు మందగించిన ఒక ముసలాయన "నూరేండ్లు చల్లగా వుండండి" అని కూడా అన్నాడు.

మామ మాత్రం చెయ్యి ఎత్తలేదు. "ఏందిరా ఇది?" అన్నాడు.

కళ్ళద్దాల పిల్లవాడు జనంలో నుంచి ముందుకు వచ్చాడు. "నేనే మామా. వాడూ, నేనూ."

"నాకు ముందే చెప్పుంటే..."

"చెప్పినా మామా. కల్యాణమైతే సరిపోతాది అంటివి."

మామ భుజాన ఉన్న తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. చందనమంతా కళ్ళల్లోకి పోయింది. ఆ మనిషిని ఎగతాళి చేయడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. కొట్టాలా, ఏడవాలా తెలియక, ఇంతమంది ముందు కావడి భుజంతో నిలబడిపోయాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంకాసేపుంటే ఎవడో ఒకడు ఒక మాట అంటాడు, దాంతో రాయి లేస్తుంది.

ఆ పిల్ల బొమ్మను చూసింది, బావను చూసింది, పక్కన నిలబడ్డ పొడుగాటివాడిని చూసింది. ఎంతసేపూ పట్టలేదు. తిరిగి, జనానికంతా వినబడేలా అంది.

"నాయనా, నాకీ బావ వద్దు."

"ఏమ్మా?"

"బొమ్మలేసుకోని తిరిగేవాడికి నన్నిస్తావా? నెలకి నాలుగు బొమ్మలేస్తే ఎవురు కొంటారు? బిడ్డలు పుడితే రంగులు తాగిస్తాడా? నేను చేసుకోను. ఈడే చెప్తా వుండా, చేసుకోను."

మండపమంతా ఊపిరి పీల్చుకున్నట్టయింది. అంతవరకూ ఏమనాలో తెలియక నోళ్ళు తెరుచుకుని ఉన్న మగవాళ్ళందరికీ ఒక్కసారిగా తెలిసిన మాట దొరికింది. "అదీ నిజమేలే" అన్నాడు ఒకడు. "సంపాదన లేనోడికి పిల్లనెట్ల ఇస్తారు?" అన్నాడు ఇంకొకడు. ప్రెసిడెంటుగారు తలమీద బియ్యం దులుపుకుని, "నేను మొదటినుంచీ చెప్తానే వుండా మామా, ఈ చిత్రకళలో కూడు లేదు" అన్నారు. మనవాళ్ళు మగవాడిలో ఏ లోపమైనా చూడనట్టు పోగలరు, చేతిలో డబ్బు లేకపోవడం తప్ప. ఆ పిల్లకు ఆ సంగతి పద్దెనిమిదేళ్ళకే తెలుసు.

మామ అల్లుడి ముఖం చూడకుండా బయటికి నడిచాడు. బతికినన్నాళ్ళూ వాడితో మాట్లాడలేదని తరవాత విన్నాను. ఆవణి ముహూర్తం రద్దయింది. సాయంత్రం లోపల బొమ్మలు లారీ ఎక్కాయి. సంఘం సర్వసభ్య సమావేశంలో, జత కుదరని ఒక పెళ్ళిని సకాలంలో ఆపినందుకు ప్రెసిడెంటుగారికి దండ వేశారు. పక్కన మేనేజరుకూ వేశారు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో ఫోటో దిగారు.

లారీ రాకముందు ఒకటి జరిగింది. జనమంతా పోయాక, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నేను రుద్దుతూ ఉంటే ఆ పిల్ల చెప్పుల కోసం వెనక్కి వచ్చింది. చెప్పులు తొడుక్కుంది కానీ వెళ్ళలేదు. ముఖం కడుక్కుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఆమెకు మొగుడని చెబుతూ వచ్చినది ఆ ఒక్కడినే కదా.

"అక్కా, నువ్వు ఈడనే పని జేస్తావా?"

"ఔనమ్మా."

"ఆ పొడుగాయన... ఎట్లాంటోడు? మంచోడేనా?"

నాకు తెలిసిందేదో అదే చెప్పాను. "మనుసులో ఏముండాదో నాకెట్ల తెలుస్తాది? వచ్చినకాడి నుంచి చూస్తా వుండా. ఈ మండపంలో తిన్న మొగోళ్ళల్లో ఎంగిలాకు తనది తానే ఎత్తేసింది వాడొక్కడే. మీ బావ ఆకు కూడా వాడే ఎత్తినాడు."

ఆ పిల్ల కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే చాల్లే" అని, వాళ్ళ నాయన బస్సు దగ్గర పిలుస్తుంటే పరిగెత్తింది.